‘సి ఆర్బిట్రరీ’ అని రాసినా కూడా నా ప్రూఫ్ ఎందుకు తప్పయింది? (ఫర్ ఆల్ ప్రూఫులు, ఫస్ట్ ఆర్డర్ లాజిక్)

బాలాజీకాలనీ_హాస్టల్
రాత్రి 9.12

అందరికీ నమస్తే. నేను తిరుపతిలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ ఫస్ట్ ఇయర్ చదువుతున్నా. మొన్న లాజిక్ ఇంటర్నల్‌లో ఒక ప్రశ్నకి 10కి సున్నా వచ్చింది. మార్కులు పోయినందుకు కాదు, తప్పు ఏందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, రెండు రోజులుగా అదే తిరుగుతా ఉంది బుర్రలో.

ప్రశ్న ఇది. ‘∀ఎక్స్ పి(ఎక్స్) అయితే ∀ఎక్స్ క్యూ(ఎక్స్)’ అని ఇచ్చినారు (∀ఎక్స్ అంటే ఫర్ ఆల్, ‘ప్రతి ఎక్స్ కీ’; పి(ఎక్స్) అంటే ఎక్స్ కి పి అనే గుణం ఉంది అని). దీన్నుంచి ‘∀ఎక్స్ (పి(ఎక్స్) అయితే క్యూ(ఎక్స్))’ వస్తుందా, వస్తే ప్రూవ్ చెయ్యి, రాకపోతే ఎందుకో చెప్పు. నేను వస్తుంది అని ఇట్లా రాసినా.

1. ∀ఎక్స్ పి(ఎక్స్) → ∀ఎక్స్ క్యూ(ఎక్స్), ఇచ్చింది
2. సి అనే ఆర్బిట్రరీ (ఏదైనా సరే ఒక) ఎలిమెంట్ తీసుకుందాం
3. పి(సి) అనుకుందాం
4. సి ఆర్బిట్రరీ కాబట్టి ∀ఎక్స్ పి(ఎక్స్)
5. 1, 4 నుంచి ∀ఎక్స్ క్యూ(ఎక్స్)
6. కాబట్టి క్యూ(సి)
7. కాబట్టి పి(సి) → క్యూ(సి)
8. సి ఆర్బిట్రరీ కాబట్టి ∀ఎక్స్ (పి(ఎక్స్) → క్యూ(ఎక్స్))

పేపర్ మీద ఎర్ర ఇంకుతో ‘సి ఫ్రీగా ఉంది’ అని రాసి మొత్తం కొట్టేసినారు. అడిగితే బుక్ చూసుకోమన్నారు. బుక్‌లో రూల్ ఉంది, షరతు కూడా ఉంది, చదివినా కానీ అది ఎందుకు పెట్టినారో తెలీకుండా బట్టీ పట్టడం నాకు ఇష్టం లేదు. 4వ లైన్ తప్పయితే 8వ లైన్ ఎట్లా కరెక్టు? రెండు చోట్లా నేను వాడింది ఒకటే మాట కదా.


దామలచెరువు_మండీ
రాత్రి 9.31

చెల్లెమ్మా, నేను డిగ్రీ మధ్యలో ఆపేసి మా నాయన మామిడి మండీ చూసుకుంటున్నా, లాజిక్ సిలబస్ ఏమీ తెలీదు కానీ నీ ప్రశ్న చదివితే నాకు ఒకటి తట్టింది, తప్పయితే పెద్దోళ్ళు సరిచేయండి.

మా దగ్గరికి ఒక లోడు వచ్చింది అనుకో. దాంట్లో బెంగళూరా కాయలూ ఉన్నాయి, బేనీషా కాయలూ ఉన్నాయి. నేను ఒక మాట అంటా: ‘ఈ లోడులో ప్రతి కాయా బెంగళూరా అయ్యుంటే, ప్రతి కాయా గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది’. బేనీషాలు కలిసి ఉన్నాయి కాబట్టి నా మాటలో మొదటి సగమే జరగలేదు, నా మాట తప్పని ఎవరూ అనలేరు. ఇంక రెండో మాట: ‘లోడులో ఏ కాయ తీసుకున్నా అది బెంగళూరా అయితే గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది’. ఇది వేరే మాట. ఎందుకంటే మా అమ్మ పప్పులోకి అని నాలుగు బెంగళూరా కాయలు పక్కన పెట్టేసింది. అవి బెంగళూరాలే, ఫ్యాక్టరీకి పోలేదు. మొదటి మాట నిలబడింది, రెండోది పడిపోయింది. అంటే మొదటి దాంట్లోంచి రెండోది రాదు కదా.


బాలాజీకాలనీ_హాస్టల్

అన్నా, ఇంత సింపుల్‌గా ఎవరూ చెప్పలేదు. నంబర్లతో కూడా వేసి చూసినా. పి అంటే సరి సంఖ్య, క్యూ అంటే బేసి సంఖ్య. ‘అన్నీ సరి అయితే అన్నీ బేసి’, మొదటి సగం అబద్ధం కాబట్టి మొత్తం నిజం. ‘ప్రతి ఎక్స్, సరి అయితే బేసి’, 2 దగ్గరే పోయింది. సరే, స్టేట్‌మెంట్ తప్పని ఒప్పుకున్నా. కానీ నా అసలు డౌట్ అట్లాగే ఉంది, ప్రూఫ్‌లో సరిగ్గా ఎక్కడ జారినా? సి ఆర్బిట్రరీ అని రాసినా కదా!


సుద్దముక్క_చిత్తూరు
రాత్రి 10.05

తల్లీ, నేను చిత్తూరు దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టర్ని, 26 ఏళ్ళుగా సుద్దముక్క పట్టుకున్నా. నీ పొరపాటు చాలా మంచి పొరపాటు, దీన్ని సరిగ్గా పట్టుకుంటే ఈ సబ్జెక్ట్ సగం చేతికొచ్చినట్టే.

ఆర్బిట్రరీ అనేది సి కి పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ‘సి ఆర్బిట్రరీ’ అని కాగితం మీద రాసినంత మాత్రాన అది ఆర్బిట్రరీ అయిపోదు. సి గురించి నువ్వు ఏమీ అనుకోనంతవరకే అది ఆర్బిట్రరీ. నీ 2వ లైన్ దగ్గర సి ఎవరైనా కావచ్చు. 3వ లైన్‌లో ‘పి(సి) అనుకుందాం’ అన్నావు చూడు, అక్కడ దాని మెడలో ఒక బిళ్ళ కట్టినావు. ఇప్పుడది ‘పి బిళ్ళ ఉన్న సి’. బిళ్ళ మెడలో ఉండగానే 4వ లైన్‌లో ‘అందరికీ పి ఉంది’ అన్నావు. బిళ్ళ ఉన్నోడిని చూపించి ఊరందరికీ బిళ్ళ ఉందన్నట్టు. 7వ లైన్‌లో ‘పి(సి) అయితే క్యూ(సి)’ అన్నప్పుడు ఆ బిళ్ళ తీసేసినావు, ఆ షరతు ఇప్పుడు వాక్యం లోపలికి పోయింది. అందుకే 8వ లైన్ దగ్గర నువ్వు చేసిన పని రూల్ ప్రకారం కరెక్టే. 4లో తప్పు, 8లో ఒప్పు, మాట ఒకటే అయినా సి పరిస్థితి వేరు.

నేను పిల్లలకి ఇంకో రకంగా చెప్తా. ఫర్ ఆల్ ప్రూవ్ చేసేటప్పుడు ఎంపిక నీది కాదు, ఎదుటోడిది. వాడు వచ్చి ఏదో ఒకటి నీ చేతిలో పెడతాడు. అది ఏదో నీకు తెలీదు, అయినా నువ్వు చేసి చూపించాలి. ‘ఇది పి ఉన్నదే ఇచ్చినావు కదా, మిగతావన్నీ కూడా పి ఉన్నవే’ అని ఎదుటోడితో అనగలవా? దేర్ ఎగ్జిస్ట్స్ (‘ఒకటైనా ఉంది’) అయితే ఎంపిక నీది, నీకు నచ్చింది తెచ్చి చూపించి కూర్చోవచ్చు.


కపిలతీర్థం_నీడ
రాత్రి 10.48

సార్ చెప్పింది వంద శాతం కరెక్టు. నేను లాజిక్‌లో రీసెర్చ్ చేస్తున్నా కాబట్టి దీన్నే రూల్ భాషలో పెడతాను, పరీక్షలో అట్లానే రాయాల్సి ఉంటుంది కదా.

రూల్: పి(సి) అని నువ్వు రాబట్టినావు అంటే, ఆ రాబట్టడానికి వాడిన, ఇంకా తీసెయ్యని ఊహలు (ఓపెన్ అసంప్షన్స్) దేంట్లోనూ సి ఉండకూడదు. అప్పుడే ∀ఎక్స్ పి(ఎక్స్) అనొచ్చు. నీ 4వ లైన్ దగ్గర ఓపెన్‌గా ఉన్న ఊహ ఏది? పి(సి) నే. దాంట్లో సి ఉంది. అందుకే మీ సార్ ‘సి ఫ్రీగా ఉంది’ అని రాసినారు. 8వ లైన్ దగ్గర ఓపెన్‌గా ఉన్నది 1వ లైన్ ఒక్కటే, దాంట్లో సి లేదు.

ఇది కొత్తగా ఎవరో కనిపెట్టిన అడ్డుగోడ కాదు. క్వాంటిఫైయర్‌ని (ఫర్ ఆల్, దేర్ ఎగ్జిస్ట్స్ లాంటి మాటల్ని) మొదటిసారి పద్ధతిగా రాసిన ఫ్రెగె 1879లోనే ఈ షరతు పెట్టినాడు, ముందున్న ఊహలో ఆ అక్షరం ఉండకూడదని. తర్వాత గెంట్‌జెన్ 1934-35లో నేచురల్ డిడక్షన్ (మనం ఇక్కడ రాస్తున్నట్టు ఊహలు పెట్టి, తీసేసే ప్రూఫ్ పద్ధతి) కట్టినప్పుడు అదే షరతు మళ్ళీ వచ్చింది, ఆ సి ని ఐగెన్ వేరియబుల్ అంటారు. మనం రాసే తలకిందుల ఎ గుర్తు కూడా గెంట్‌జెన్‌దే, జర్మన్‌లో ‘అల్లె’ అంటే ‘అన్నీ’. దేర్ ఎగ్జిస్ట్స్ గుర్తు అంతకుముందే పెయానో వాడినాడు, దానికి జతగా ఉండాలని గెంట్‌జెన్ ఎ ని తలకిందులు చేసినాడు.

ఒక చిట్కా. ప్రతి లైన్‌కి ఎడమ పక్క మార్జిన్‌లో ఆ లైన్ ఏ ఏ ఊహల మీద నిలబడి ఉందో నంబర్లు రాసుకో. నీ ప్రూఫ్‌లో 4వ లైన్ పక్కన ‘3’ అని వస్తుంది, 3 తీసి చూస్తే సి కనపడుతుంది, అక్కడే ఆగిపోతావు. 8వ లైన్ పక్కన ‘1’ మాత్రమే వస్తుంది. విడిచిపెట్టకుండా ఒక నెల రాయి, తర్వాత కంటికే తెలుస్తుంది.


పుత్తూరు_బీఈడీ
ఉదయం 7.20

ఒక్క నిమిషం అక్కా, నాకిక్కడ ఒప్పుకోబుద్ధి కావట్లేదు. మా దగ్గరున్న పుస్తకంలో జనరలైజేషన్ రూల్‌కి ఏ షరతూ లేదు. ‘ఎ నుంచి ∀ఎక్స్ ఎ రాబట్టవచ్చు’ అని ఒక్క లైన్ ఉంది అంతే. పి(ఎక్స్) ఊహ అయినా సరే ∀ఎక్స్ పి(ఎక్స్) రాయొచ్చు అంటుంది. ఆ లెక్కన ఈ అమ్మాయి 4వ లైన్ కరెక్టే కదా, అన్యాయంగా సున్నా వేసినట్టు కాదా?


కపిలతీర్థం_నీడ

చాలా మంచి పాయింట్, చాలామంది ఇక్కడే రెండు పుస్తకాల మధ్య పడి నలిగిపోతారు. మీది హిల్బర్ట్ పద్ధతి (కొన్ని యాక్సియమ్స్, ఒకటి రెండు రూల్స్ తోనే అన్నీ రాబట్టే పద్ధతి) పుస్తకం. దాంట్లో జనరలైజేషన్‌కి షరతు లేదు, నిజమే. కానీ నాలుగు పేజీలు తిప్పి డిడక్షన్ థీరమ్ చూడండి, షరతు అక్కడ దాక్కుని ఉంటుంది: ‘ఎ అనుకుని బి రాబట్టితే ఎ → బి అనొచ్చు, కానీ దారిలో ఎ మీద ఆధారపడిన లైన్లలో ఎ లో ఫ్రీగా ఉన్న వేరియబుల్ మీద జనరలైజేషన్ వాడి ఉండకూడదు’. అంటే ఆ పుస్తకం ప్రకారం 4వ లైన్ పాస్ అవుతుంది, 7వ లైన్ దగ్గర ఆపుతారు. మా పుస్తకంలో 4 దగ్గరే ఆపుతారు. షరతు ఏదో ఒక చోట ఉండి తీరాలి, లేకపోతే పి(సి) → ∀ఎక్స్ పి(ఎక్స్) అనేది సిద్ధాంతం అయి కూర్చుంటుంది. ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అయితే అన్నీ ప్రధాన సంఖ్యలే అన్నమాట, అప్పుడింక మిగిలేదేముంది.

ఇంకో తేడా కూడా గట్టిగా పట్టుకోండి. ఏ ఊహా లేకుండా పి(సి) రాబట్టగలిగితే ∀ఎక్స్ పి(ఎక్స్) కూడా రాబట్టగలం. ఇది రైటు. పి(సి) నిజమైతే ∀ఎక్స్ పి(ఎక్స్) నిజం. ఇది తప్పు. మొదటిది ప్రూఫ్ గురించి చెప్పే మాట, రెండోది సి గురించి చెప్పే మాట.


పుత్తూరు_బీఈడీ

ఇప్పుడే తీసి చూసినా అక్కా, డిడక్షన్ థీరమ్ కింద నిజంగానే ఉంది, ఇన్నాళ్ళూ ఆ లైన్ దాటేసి పోతున్నా. అయితే సున్నా న్యాయమే, నా మాట వెనక్కి తీసుకుంటున్నా.


వ్యాప్తివాది
ఉదయం 8.02

తిరుపతిలో సంస్కృతంలో న్యాయశాస్త్రం (లా కాదు, మన పాత తర్కశాస్త్రం) చదువుకుంటున్నాను. మీ చర్చ చూస్తే మా పాఠమే గుర్తొచ్చింది. మా దగ్గర ‘యత్ర యత్ర ధూమః తత్ర తత్ర వహ్నిః’ అంటాం, ఎక్కడెక్కడ పొగ ఉంటుందో అక్కడక్కడ నిప్పు ఉంటుంది. ఇదే వ్యాప్తి, మీ ఫర్ ఆల్. ఉదాహరణకి వంటిల్లు చూపిస్తాం.

దీన్ని తిప్పి ‘ఎక్కడెక్కడ నిప్పుందో అక్కడ పొగ ఉంటుంది’ అంటే? వంటింట్లో చూస్తే అదీ నిజమే అనిపిస్తుంది. కానీ ఎర్రగా కాల్చిన ఇనుప గుండు తీసుకోండి, నిప్పు ఉంది, పొగ లేదు. మరి వంటింట్లో ఎందుకు వచ్చింది? కట్టె పచ్చిది కాబట్టి. ఆ పచ్చికట్టెతో కలయికని ఉపాధి అంటాం, అంటే మనం చెప్పకుండానే లోపలికి దూరిన షరతు. మీ 3వ లైన్‌లో సి మెడలో కట్టిన బిళ్ళ నాకు సరిగ్గా ఉపాధిలానే కనిపించింది. పచ్చికట్టె ఉన్న వంటింటిని చూసి అన్ని నిప్పులకీ పొగ అంటగట్టినట్టు.


కపిలతీర్థం_నీడ

ఈ ఇనుప గుండు ఉదాహరణ నేను దాచుకుంటున్నా, చాలా బాగుంది. ఒక్క తేడా మాత్రం చెప్పాలి. వ్యాప్తిలో మీరు లోకాన్ని చూసి తెలుసుకుంటున్నారు, అందుకే వంటిల్లు అనే ఉదాహరణ కావాలి. మన ప్రూఫ్‌లో ఉదాహరణకి చోటు లేదు, ఎన్ని వంటిళ్ళు చూపించినా ఫర్ ఆల్ రాదు. పడగొట్టడానికి మాత్రం రెండు చోట్లా ఒక్క ఇనుప గుండు చాలు.


సుద్దముక్క_చిత్తూరు
ఉదయం 8.40

ఈ మాట మీద నేను ఇంకొంచెం చెప్పాలి, క్లాసులో ప్రతి ఏడూ ఇక్కడే నా గొంతు పోతుంది. పిల్లలు 5, 6 కేసులు వేసి ‘సార్ అన్నిటికీ వస్తోంది’ అంటారు. వాళ్ళకి నేను ఎన్ స్క్వేర్ ప్లస్ ఎన్ ప్లస్ 41 ఇస్తా. 0 పెడితే 41, 1 పెడితే 43, 2 పెడితే 47, అట్లా 39 దాకా వరసగా 40 సార్లు ప్రధాన సంఖ్యే వస్తుంది. బోర్డు నిండిపోతుంది, పిల్లలంతా నమ్మేస్తారు. 40 పెట్టగానే 1681, అంటే 41 ఇంటూ 41. అప్పుడు క్లాసులో ఒక నిశ్శబ్దం వస్తుంది చూడండి, ఆ నిశ్శబ్దం కోసమే నేను ప్రతి సంవత్సరం ఆ లెక్క దాచి పెట్టుకుంటా.

40 తక్కువ అనుకుంటే ఇంకోటి. 1919లో పోల్యా అనే గణితజ్ఞుడు ఒక ఊహ చెప్పినాడు, ప్రధాన కారణాంకాల సంఖ్య బేసిగా ఉన్న సంఖ్యలు 1 దాటిన ఏ హద్దు దాకా లెక్కబెట్టినా సగానికి తగ్గవు అని. కోట్ల దాకా వేసినా నిలబడింది. 1958లో హాసెల్‌గ్రోవ్ అది తప్పని ప్రూవ్ చేసినాడు, అది మొదటిసారి పడిపోయే సంఖ్య 90,61,50,257 అని 1980లో తేలింది. 90 కోట్లు దాటేదాకా తప్పు బయట పడలేదు తల్లీ. గోల్డ్‌బాక్ ఊహ (2 కంటే పెద్ద ప్రతి సరి సంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తం అని) 1742 నుంచి ఉంది, కంప్యూటర్లతో 4 ఇంటూ 10 పవర్ 18 దాకా చూసినారు, ఒక్క చోటా తప్పలేదు, అయినా ఈ రోజుకీ దాన్ని సిద్ధాంతం అనట్లేదు.


పలమనేరు_కోడర్
మధ్యాహ్నం 1.15

నేను బెంగళూరులో కోడింగ్ పని చేస్తా, సాయంత్రాలు లీన్ అనే ప్రూఫ్ చెక్ చేసే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నా. చెల్లెలి ప్రూఫ్‌ని యథాతథంగా దాంట్లో పెట్టి చూసినా, ఏం జరిగిందో చెప్తా.

‘ఇంట్రో సి’ (సి అనే పేరుతో ఒకటి తీసుకో అనే ఆదేశం) కొడితే సి వచ్చింది. మళ్ళీ ఇంట్రో కొడితే పి(సి) అనేది చేతికొచ్చింది. ఇప్పుడు 1వ లైన్ వాడాలంటే అది ∀ఎక్స్ పి(ఎక్స్) కి ప్రూఫ్ ఇమ్మని అడుగుతుంది. సరే ఇద్దాం అని ‘ఇంట్రో డి’ కొట్టినా. అది కొత్త డి ఇచ్చి, పి(డి) చూపించు అంటోంది. నా చేతిలో ఉన్నది పి(సి). డి వేరు సి వేరు, ఎంత తిప్పలు పడినా అది ఒప్పుకోదు. షరతు అని అది ఎక్కడా ప్రత్యేకంగా చెప్పలేదు, ప్రతి ఫర్ ఆల్‌కి కొత్త పేరు ఇస్తుంది కాబట్టి పాత బిళ్ళ కొత్త పేరు మీదికి రావడానికి దారే లేదు. ప్రోగ్రామర్ లెక్కలో ఫర్ ఆల్ ప్రూఫ్ అంటే ఒక ఫంక్షన్, ఎవరు ఏ ఎక్స్ పంపినా దానికి తగ్గ ప్రూఫ్ వెనక్కి పంపాలి, నాకొచ్చిన ఎక్స్ మంచిదే వస్తుందిలే అని రాసుకుంటే అది అందరికీ పనిచేయదు.


పుత్తూరు_బీఈడీ

పొద్దున నా మాట తప్పయింది కానీ ఇంకో డౌట్ అడుగుతున్నా, కోప్పడొద్దు. ‘ప్రతి ఎక్స్ కీ ఒక వై ఉంది’ నుంచి ‘ఒక వై ఉంది, అది ప్రతి ఎక్స్ కీ పనికొస్తుంది’ రాదని తెలుసు. కానీ ప్రూఫ్ రాస్తే వచ్చేస్తోంది! సి తీసుకున్నా, దానికి ఒక డి ఉంది, ఆర్(సి, డి), అంటే సి కి డి పనికొస్తుంది. సి ఆర్బిట్రరీ, కాబట్టి అన్ని ఎక్స్ లకీ ఆర్(ఎక్స్, డి). ఎక్కడ ఆపాలి?


సుద్దముక్క_చిత్తూరు

తిరుమల ఘాట్ ఎక్కే ప్రతి బస్సుకీ ఒక డ్రైవరు ఉన్నాడు నాయనా. నువ్వు ఒక బస్సు ఆపి ఆ బస్సు డ్రైవర్ని పట్టుకున్నావు. ఇప్పుడు ఆ డ్రైవర్నే పట్టుకుని ‘ఏ బస్సు అయితే ఏముంది’ అంటే? బస్సు మారితే డ్రైవరు మారతాడు. డి అనేది సి ని చూసి పుట్టింది.


కపిలతీర్థం_నీడ

మార్జిన్ పద్ధతి ఇక్కడ కూడా పట్టేస్తుంది. ‘దానికి ఒక డి ఉంది’ అన్నప్పుడు నువ్వు నిజానికి ఆర్(సి, డి) అని ఒక ఊహ తెరిచినావు. దాంట్లో సి ఉంది. అది ఓపెన్‌గా ఉండగా సి మీద జనరలైజ్ చేయలేవు. ఇందాకటి రూలే, కొత్తది కాదు. రెండో వైపు మాత్రం, అందరికీ పనికొచ్చే ఒక వై ఉంటే ప్రతి ఎక్స్ కీ ఒక వై ఉన్నట్టే, అది హాయిగా వస్తుంది, రాసి చూడు.


బాలాజీకాలనీ_హాస్టల్
సాయంత్రం 6.50

ఇప్పుడే క్లాసుల నుంచి వచ్చినా, అన్నీ రెండు సార్లు చదివినా. ఒకటి అడగాలి. ఇండక్షన్‌లో (మొదటి సంఖ్యకి చూపించి, ఒక్కో సంఖ్య నుంచి తర్వాతదానికి పోయే ప్రూఫ్‌లో) ‘కె కి నిజం అనుకుందాం’ అంటాం కదా, అక్కడ కె మెడలో కూడా బిళ్ళ కట్టినట్టే కదా? మరి అది ఎందుకు చెల్లుతుంది?


సుద్దముక్క_చిత్తూరు

శభాష్, ఈ ప్రశ్న కోసమే చూస్తున్నా. పి(కె) అనుకుని పి(కె ప్లస్ 1) రాబట్టి, వెంటనే ‘పి(కె) అయితే పి(కె ప్లస్ 1)’ అని బిళ్ళ తీసేస్తాం. ఆ తర్వాతే ‘ప్రతి కె కీ’ అంటాం. పి(కె) అనుకున్న చోటే ఆగి ‘కాబట్టి అన్నిటికీ పి’ అంటే అది నీ 4వ లైనే అవుతుంది. ఇండక్షన్ అంటే మనకి కావాల్సిందే ముందు అనుకోవడం కదా సార్ అని పిల్లలు అడిగేది కూడా ఈ తేడా కనపడకనే.


బాలాజీకాలనీ_హాస్టల్
రాత్రి 8.35

సరే, మార్జిన్ పెట్టి రాసినా, చూడండి. ఈసారి తిరగేసిన ప్రశ్న. ∀ఎక్స్ (పి(ఎక్స్) → క్యూ(ఎక్స్)) నుంచి ∀ఎక్స్ పి(ఎక్స్) → ∀ఎక్స్ క్యూ(ఎక్స్). బ్రాకెట్‌లో ఓపెన్ ఊహల నంబర్లు.

1. (1) ∀ఎక్స్ (పి(ఎక్స్) → క్యూ(ఎక్స్)), ఇచ్చింది
2. (2) ∀ఎక్స్ పి(ఎక్స్), ఊహ
3. (1) పి(సి) → క్యూ(సి)
4. (2) పి(సి)
5. (1, 2) క్యూ(సి)
6. (1, 2) ∀ఎక్స్ క్యూ(ఎక్స్), 1లోనూ 2లోనూ సి లేదు
7. (1) ∀ఎక్స్ పి(ఎక్స్) → ∀ఎక్స్ క్యూ(ఎక్స్), 2 తీసేసినా

ఇంకోటి నాకు నేనే పెట్టుకున్నా. ప్రతి సంఖ్యా సరి లేదా బేసి, దాన్నుంచి ‘అన్నీ సరి, లేదా అన్నీ బేసి’ అని రాబట్టబోయినా. కేసు ఒకటి, పి(సి) ఊహ. ∀ఎక్స్ పి(ఎక్స్) అని రాయబోయి మార్జిన్ చూసుకున్నా, పి(సి) ఓపెన్‌గా ఉంది, దాంట్లో సి ఉంది. పెన్ను ఆపేసినా. మొన్నటి పేపర్‌లో 4వ లైన్ దగ్గర ఆగాల్సింది ఇట్లాగే.


కపిలతీర్థం_నీడ

7 లైన్లూ కరెక్ట్. 4వ లైన్ చూసుకున్నావా, అక్కడా పి(సి) నే ఉంది, మొన్న 3వ లైన్‌లో ఉన్నదే. కానీ ఈసారి అది నువ్వు అనుకున్నది కాదు, 2 నుంచి వచ్చింది. అందుకే 6 చెల్లింది.


బాలాజీకాలనీ_హాస్టల్

అవునక్కా! ఆ రెండు లైన్లూ పక్కపక్కన రాసి గోడకి అంటించుకుంటున్నా.


సుద్దముక్క_చిత్తూరు

మండీ బాబూ, నీ లోడు ఉదాహరణ సోమవారం నా పదో తరగతిలో చెప్పుకోవచ్చా?


దామలచెరువు_మండీ

అడగాలా సార్, చెప్పండి. బోర్డు మీద రాయడం కంటే కాయలే చేతికిస్తే పిల్లలకి బాగా ఎక్కుతుంది, ఒక బుట్టలో రెండు రకాలూ కలిపి ఆదివారం చిత్తూరు బస్సుకి వేస్తా, పక్కన పెట్టే నాలుగు బెంగళూరాలు కూడా దాంట్లోనే పెడతా.